వనజక్క కలిపించిన మట్టి

వనజక్క ఇక లేదు.

నిన్న పొద్దున ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తుంటే బావగారు ఫోన్ చేశారు. "మీ అక్క వెళ్లిపోయిందమ్మా. నిద్రలోనే."

ఎగ్జిట్ తీసుకుని ఏదో గ్రాసరీ స్టోర్ పార్కింగ్‌లో కారు ఆపేశాను. ఏడుపొస్తుందనుకున్నాను. ముందు వచ్చింది పెద్ద నిట్టూర్పు.

అవును, రిలీఫే. తప్పనిపిస్తే కామెంట్లలోకి రండి, మాట్లాడుకుందాం. కాన్సర్ ఎముకల్లోకి పాకాక ఆ మనిషి పడ్డ నొప్పిని నేను చూశాను. అది ఆగింది.

పైగా ఆమెను పీడిస్తున్న బెంగ కూడా తీరాకే వెళ్లింది. అది చెప్పాలి.

వాళ్లుండే చాండ్లర్ ఊళ్లో పెద్దవాళ్లకి అక్క చిప్ ప్లాంట్ ఇంజనీర్. పిల్లలకి "ఉడుము ఆంటీ". ఎవరో పెంచలేక వదిలించుకున్న ఆఫ్రికా ఉడుముని తెచ్చి, బుజ్జమ్మ అని పేరు పెట్టి, హాల్లో గాజు తలుపుల పెద్ద పెట్టె కట్టించింది.

నేను ఊరుకుంటానా? అడవి జీవాల్ని పట్టి అమ్ముకునే వ్యాపారం మీద వెళ్లినప్పుడల్లా లెక్చర్ ఇచ్చేదాన్ని. ఇది జైలక్కా అన్నాను.

"జైలే. కాదన్నానా కామ్రేడ్? ఆఫ్రికాకి టికెట్ నువ్వు కొను, వదిలేసి వద్దాం. అందాకా తవ్వుకోడానికి మట్టన్నా ఇద్దాం."

ఈమధ్య బుజ్జమ్మ కడుపు ఉబ్బింది. మగ తోడు లేకపోయినా ఆడ ఉడుములు గుడ్లు కడతాయట. లోతుగా తవ్వుకునే చోటు దొరక్కపోతే గుడ్లు లోపలే ఉండిపోయి ప్రాణం పోతుందని వెట్ డాక్టర్ చెప్పాడు.

అక్కకి అప్పటికే ఇంట్లో హాస్పిస్ మొదలైంది, ఇక మందులు మాని నొప్పి మాత్రం తగ్గించే ఆఖరి రోజుల సేవ.

బస్తా మీద బల్లి బొమ్మ వేసి చెత్తనైనా అమ్మేసే మార్కెట్ ఇది. వాళ్లు అంటగట్టిన చెక్క పొట్టులో బొరియ నిలవదు. కొబ్బరి పొట్టు కూలిపోయింది. ఉత్త ఇసుక జారిపోయింది.

చివరికి ఎరువు కలపని తోటమట్టీ ఇసుకా తెప్పించింది. గరాజ్‌లో టార్ప్ పట్టా పరిచి నేనూ బావగారూ పారలతో కలుపుతుంటే, వీల్‌చెయిర్‌లో కూర్చుని ప్రతి వాయీ పిడికిట పట్టి చూసింది. సున్నుండల లెక్కే. నొక్కితే ఉండ నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు.

"ఇవి సున్నుండలు కావు, బొరుగులు. ఇంకాస్త నీళ్లు పొయ్యి. నోరు కాదే, చెయ్యి ఆడించు!"

ఆ వారమే పరామర్శకని ఒకావిడ వచ్చింది. మాస్టర్స్ చేసినావిడే. "మావైపు ఉడుము ఇంట్లో దూరితే అరిష్టమని ఇల్లే ఖాళీ చేస్తారండీ. మీరు తెచ్చి మరీ పెట్టుకున్నారు. అందుకేనేమో ఇలా..."

నేను లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఖాళీ చేసేదాన్ని నేనున్నాగా వదినా. మధ్యలో దాన్నెందుకు అనడం?"

ఆవిడ కాఫీ తాగకుండానే వెళ్లిపోయింది. మంచిదే.

కాన్సర్‌కి బల్లిజాతిని నిందించే చదువులు మనవి. ఆ రోగం మీద ఒక్క పేజీ చదవరు గానీ అరిష్టాల లిస్టు మాత్రం నోటికి వచ్చు!

మట్టి నింపాం. బుజ్జమ్మ నాలుక చాచి వాసన చూసి, మొహం తిప్పుకుంది. తిండి మానేసింది. తవ్వలేదు. అక్క తన మంచాన్ని పెట్టె వైపు తిప్పించుకుంది. మార్ఫిన్ మత్తులోంచి లేచినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "దిగిందా?"

మొన్న మధ్యాహ్నం దిగింది.

ముందు కాళ్లతో మట్టి వెనక్కి విసురుతూ తోకతో సహా మాయమైంది. బొరియ కూలలేదు. సాయంత్రానికి మూతి నిండా మట్టితో పైకొచ్చింది. గుడ్లు పెట్టేసినట్టే, ఉబ్బిన కడుపు లోపలికి పోయి, చర్మం మడతలు పడింది. బావగారు వేసిన బొద్దింకల్ని ఆవురావురుమని తినేసింది.

"హమ్మయ్య" అంది అక్క. "ఇక నన్ను పడుకోనీండి."

అవే ఆఖరి మాటలు.

నిన్న ఆ పార్కింగ్ లాట్‌లోంచి నేరుగా వాళ్లింటికే వెళ్లాను. అప్పటికే నలుగురు చేరారు. కర్మకాండకి ముందే ఆ జంతువుని పంపించెయ్యమని బావగారి చెవిలో పోరు. బావగారు మెత్తని మనిషి, జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పి ఎరగరు. నేను నోరు విప్పబోయాను.

అవసరం పడలేదు. ఆయన లేచి స్ప్రే బాటిల్ అందుకున్నారు.

"కాస్త తప్పుకోండి. మట్టి ఆరిపోతోంది, నీళ్లు చల్లాలి. రోజూ చల్లాలి."

తప్పుకున్నారు.

పడుకో అక్కా. నొప్పి లేదు, బెంగ లేదు. నీ నిద్ర చల్లగా ఉండాలి.