గురజాలలో నా మొదటి సంతకం

ఏప్రిల్ ఇరవై రెండు, గురువారం. గురజాల, ప్రకాశం మాస్టారి ఇంటి పెరడు. ఉన్నవారు: విచారణకు వచ్చిన అధికారి, ఆయన గుమాస్తా, హెడ్ కానిస్టేబులు, ప్రకాశం మాస్టారు, ఆయన బావమరిది, ఖాదర్ భాయ్, నేను.

నా డైరీలో ఆ రోజుకు ఉన్నది ఇంతే. కింద పేజీ అంతా ఖాళీ. బస్సు అరగంట ఆలస్యమైనా రాసుకునే అలవాటు నాది, ఆ పేజీని మాత్రం నింపలేకపోయాను. నిన్న మళ్ళీ తీశాను. నరసరావుపేటలో మా వీధిలో ఉండే మరియదాసు ఇన్నేళ్లూ ఒకరి కింద కరెంటు పని చేసి, ఇప్పుడు సూపర్‌వైజరు పర్మిట్ తెచ్చుకున్నాడు. తన పేరుతో చేయించిన రబ్బరు స్టాంపు తెచ్చి తెల్లకాగితం మీద ఒత్తి, "ఎట్టుంది బాబాయ్?" అని అడిగాడు. బాగుందన్నాను. కొత్త రబ్బరు, తడి సిరా కలిసిన ఆ వాసన అతను వెళ్లాక కూడా గదిలోనే ఉండిపోయింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. కొత్త ఇంటికి మీటరు కావాలంటే, వైరింగు పరీక్షించి చూశామని ఒక రిపోర్టు ఇవ్వాలి. దాని మీద లైసెన్సు ఉన్న కాంట్రాక్టరూ, ఆయన దగ్గర పర్మిట్ ఉన్న సూపర్‌వైజరూ సంతకం చెయ్యాలి. ఖాదర్ భాయ్ కాంట్రాక్టరు. నేను ఆయన దగ్గర ఎనిమిదేళ్లు పనిచేసి పర్మిట్ సంపాదించుకున్నాను. భాయ్ సన్నటి మనిషి, ఎప్పుడూ ఖాకీ చొక్కా, జేబులో టెస్టరు పక్కనే దువ్వెన. ఏ ఇంటికి వెళ్లినా చెప్పులు బయట విడిచేవాడు. అది మర్యాద కోసం అనుకునేవాణ్ణి. కాదు. వట్టికాళ్లతో నేల మీద నిలబడి, ఆ ఇంట్లో ఇనపవస్తువు ఏది ఉన్నా దాన్ని చేతి వెనకవైపుతో తాకి చూసేవాడు. "ఇంటో ఆడవాళ్లు బూట్లేసుకుని తిరుగుతారా ఏంది? వాళ్లు ఎట్టా ముట్టుకుంటారో మనమూ అట్టానే ముట్టుకోవాల" అనేవాడు. ఒకసారి నేను అరచెయ్యి చాపితే మణికట్టు మీద ఒక్కటి వేశాడు. "అరచేత్తో పట్టుకుంటే కరెంటు నిన్నొదలదురా. నీకింకా పెళ్లి కూడా కాలేదు."

నాకు పర్మిట్ వచ్చిన రోజు తన షాపులో టీ తెప్పించి నాచేత సంతకం చేయించి చూశాడు. నేను చానాళ్లు సాధన చేసి ఒక మెలిక సంతకం తయారుచేసుకున్నాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"ఇదేందిరా సాంబా, వానపాము చచ్చినట్టుంది?"

"అందరూ ఇట్టానే చేస్తారుగా భాయ్."

"అందరికీ రేపు ఇది నాది కాదు అనే అవసరం పడొచ్చు. నువ్వు పేరు రాయి. అక్షరాలు ఇడిగా రాయి. మూడో క్లాసు పిల్లోడు కూడా చదవాల."

అలాగే రాశాను. అలా రాసిన మొదటి సంతకమే ప్రకాశం మాస్టారి ఇంటి రిపోర్టు మీద ఉంది. ఆయన గురజాలలో బడిపంతులు. భార్య సువార్తమ్మ, ఇద్దరు పిల్లలు. చిన్న ఇల్లు కట్టుకున్నారు. శనివారం గృహప్రవేశ ప్రార్థన పెట్టుకున్నారు, ఆలోగా మీటరు కావాలి. ఖాదర్ భాయ్ ఆ వారం మాచర్లలో వేరే పని మీద ఉన్నాడు. వైరింగు నేనే చేయించాను, బాగానే చేయించాను. ఎర్త్ గుంట మాత్రం ఇద్దరు కూలీలకు అప్పగించాను. లీకైన కరెంటును మనిషి ఒంట్లోంచి కాక భూమిలోకి పంపడానికి ఎనిమిదడుగుల ఇనపపైపును నిలువునా దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోస్తారు. అక్కడి నేల సంగతి తెలిసిందే, రెండడుగులు తవ్వేసరికి నాపరాయి. కూలీలు ఆ రాయితో పోట్లాడలేక పైపును రంపంతో కోసి, రెండడుగుల ముక్కను పాతి, పైన బొగ్గు పరిచి పోయారు. నేను వెళ్లి చూసేసరికి పైపు మూతి కనబడుతోంది, చుట్టూ బొగ్గు కనబడుతోంది. ఎర్త్ సరిగా ఉందో లేదో కొలిచే పరికరం షాపులో ఉంది. రిపోర్టు మర్నాడు పొద్దున్నే ఆఫీసులో ఇవ్వాలి. ముందు వారం మరో ఇంట్లో వచ్చిన అంకెనే ఆ గడిలో వేసి, కింద ఇడిగా, అందంగా పేరు రాశాను. సాయంత్రం మాచర్ల నుంచి వచ్చిన ఖాదర్ భాయ్ తన సంతకం పెట్టబోతూ "కొలిచినావా?" అని అడిగాడు. కొలిచానన్నాను. ఆయన పెట్టేశాడు.

ఎండలు ముదిరాక వాళ్లు ఇనపకూలరు కొనుక్కున్నారు. ఒక మధ్యాహ్నం సువార్తమ్మ కూలరు ఆపకుండానే బకెట్టుతో నీళ్లు పోయబోయింది. పిల్లలు బడి నుంచి వచ్చి చూశారు.

విచారణ రోజున అందరం పెరట్లో ఎర్త్ గుంట చుట్టూ నిలబడ్డాం. ఎవరూ గునపం తీయలేదు. ఖాదర్ భాయ్ వంగి పైపు మూతి పట్టుకుని లాగాడు. ముల్లంగి దుంప వచ్చినట్టు వచ్చేసింది. ఆయన దాని మట్టి దులిపి చేతిలో పట్టుకున్నాడు.

అధికారి రిపోర్టు తీశాడు. "సాంబశివరావు ఎవరు?" అన్నాడు. చెయ్యెత్తాను. "నువ్వు చూసినప్పుడు ఎనిమిదడుగులు ఉందిగా? తర్వాత వీళ్లు ఏ పైపులైను కోసమో తవ్వి కోసుంటారు. అంతేనా?" ఆ మాటల్లో నాకు ఒక దారి కనబడింది. అవునంటే నా పర్మిట్ ఉంటుంది, ఖాదర్ భాయ్ లైసెన్సు ఉంటుంది. పెళ్లాం చావుకు మాస్టారే కారణమని కాగితం మీదికి ఎక్కుతుంది. మాస్టారు గోడకు ఆనుకుని నా వంకే చూస్తున్నాడు. ఆయన బావమరిది మాత్రం "మేమెందుకు కోస్తామయ్యా, మాకేం పిచ్చా?" అన్నాడు. కానిస్టేబులు అతన్ని ఊరుకోమన్నాడు.

నేను ఖాదర్ భాయ్ వైపు చూశాను. ఏదో ఒకటి చెప్పి ఆయన నన్ను గట్టెక్కిస్తాడనుకున్నాను. నిజం చెప్పాలంటే అంతకన్నా ఎక్కువే ఆశించాను, తప్పు తన మీద వేసుకుంటాడనుకున్నాను. ఆయన పైపుముక్కను నా చేతుల్లో పెట్టాడు.

"చూసినావా?" అన్నాడు.

"భాయ్..."

"నన్ను కాదు, మాస్టారిని చూసి చెప్పు. చూసినావా, లేదా?"

"చూళ్లేదు" అన్నాను. "కొలవలేదు. అంకె ఊరికే వేశాను."

"నేను కూడా చూళ్లేదు సార్" అన్నాడు ఖాదర్ భాయ్ అధికారితో. "వీడు చెప్పింది నమ్మి పెట్టినా. అది కూడా రాసుకోండి."

రాసుకున్నారు. ఆయన లైసెన్సు పోయింది, మళ్ళీ రాలేదు. చివరి దాకా ఫ్యాన్లు బాగుచేసి బతికాడు. నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. నా పర్మిట్ కొన్నేళ్ల తర్వాత తిరిగి వచ్చింది. దాన్ని చూపిద్దామని వెళ్లేసరికి ఆయన మంచంలో ఉన్నాడు, నన్ను గుర్తుపట్టలేదు.

విచారణ మర్నాడు పొద్దున్నే ఖాదర్ భాయ్ నా గదికి వచ్చాడు. సైకిలుకు కొత్త పైపు కట్టి ఉంది. "పద" అన్నాడు. ఎక్కడికో నేను అడగలేదు. మాస్టారు తలుపు తీసి మమ్మల్ని చూసి, "ఇప్పుడెందుకయ్యా?" అన్నాడు. "పిల్లలున్నారు కదా మాస్టారూ ఇంటో" అన్నాడు ఖాదర్ భాయ్. ఆయన అడ్డు తొలగాడు. సమ్మెట, ఉలి పెట్టి వంతులవారీగా రాయి కొట్టుకుంటూ దిగాం. ఎండెక్కేసరికి ఖాదర్ భాయ్ అరచేతులు పగిలాయి, చొక్కా అంచు చింపి కట్టుకున్నాడు. మూడోజాముకు గుంట మా తలలు మునిగే లోతుకు వచ్చింది. పైకి ఎక్కి నేను పైపు ఎత్తబోయాను.

"ఆగు" అన్నాడు మాస్టారు. లోపలికి వెళ్లి బడిలో వాడే అడుగుబద్ద తెచ్చాడు. పైపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక కొస నుంచి బద్ద పెట్టి, అది ఆగిన చోట గోటితో గీసి, అక్కడి నుంచి మళ్ళీ పెట్టి, పైకి వినబడేలా లెక్కపెడుతూ వచ్చాడు. ఎనిమిది అయ్యాక నా మొహం కూడా చూడకుండా మళ్ళీ మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టాడు. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆ తర్వాత ఇన్నేళ్ల పనిలో, నేను కొలిచి చెప్పినదాన్ని ఎవరు మళ్ళీ కొలిచినా నాకు కోపం రాలేదు.