బీరన్న తాలీం

బీరన్న దగ్గర కర్రసాము నేర్చుకోవాలని వచ్చినవాళ్లకు మొదటి మూడు నెలలు కర్ర దొరికేది కాదు. నీళ్లు నింపిన కుండ దొరికేది. దాన్ని నెత్తిన పెట్టుకొని, రాళ్లూ రప్పలూ నిండిన గుట్టదారిలో చుక్క తొణక్కుండా పైకి పోయి కిందికి రావాలి. రామన్నపేటకు రెండు కోసుల దూరంలోని ఆ ఊళ్లో, కోరమీసాల మగవాళ్లు పొద్దున్నే వరసగా కుండలు మోస్తుంటే బావికాడి ఆడవాళ్లు ఊరుకుంటారా? మా ఇంట్లో కూడా రెండు కుండలు పోసిపొమ్మని ఆటపట్టించేవారు. సగంమంది ఆ సిగ్గుతోనే మానేసేవారు. పోయినవాళ్లను బీరన్న ఎన్నడూ వెనక్కి పిలవలేదు.

తమ్ముడు ఐలేశం మాత్రం మానలేదు. మానితే ఎక్కడికి పోతాడు, ఉండేది అన్న ఇంట్లోనే. తండ్రి పోయేనాటికి అతనికి ఆరేళ్లు. బీరన్న, వదిన జానమ్మ కలిసి పెంచి పెద్ద చేశారు. ముప్ఫైకి దగ్గరపడ్డా ఆ మనిషి ముక్కు మీద కోపం దిగలేదు.

వాళ్లు కురుమలు. గొర్లు కాస్తారు, గొంగళ్లు నేస్తారు. పెళ్లికాని రోజుల్లో బీరన్న గొంగళ్లు అమ్మడానికి భువనగిరి పోయి, అక్కడ సాము నేర్పే తాలీంలో ఒక ఉస్తాద్ కర్ర తిప్పుతుంటే చూస్తూ నిలబడిపోయాడట. ఆ రోజు ఒక్క గొంగడీ అమ్ముడుపోలేదు. ఆ తరువాత నాలుగేళ్లు, సంతకు పోయినప్పుడల్లా ఆ ఉస్తాద్ కాళ్ల దగ్గరే కూర్చొని నేర్చుకున్నాడు. నేర్చినదాన్ని ఇంటికి తెచ్చి గొర్లకూ మనుషులకూ సరిపోయేటట్టు మలుచుకున్నాడు.

అందుకే ఆయన పాఠం ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలిసేది కాదు. మొండికేసిన పొట్టేలును కొమ్ములు పట్టి లాగలేక ఐలేశం చెమటలు కక్కుతుంటే దూరం నుంచే చెప్పేవాడు.

"అది గుంజితే నువ్వు గుంజకు. అదెటు పోతాందో దానెంట రెండడుగులు పో. గప్పుడు తిప్పు."

అట్లా తిప్పితే పొట్టేలు చెప్పిన మాట వినేది. ఇంట్లోనూ బీరన్నది అదే పద్ధతి. జానమ్మ తిట్లు అందుకున్నదంటే, ఔనౌనంటూ ఆమె వెంట రెండడుగులు పోయేవాడు. ఆ తరువాత తిప్పడం మాత్రం ఆయన వల్ల కాలేదు. కాపురం పొడుగునా జానమ్మే ఆయన్ను తిప్పింది, అందులో ఆయనకు వచ్చిన కష్టమూ ఏమీ లేదు.

కర్ర చేతికొచ్చాక అసలు విద్య మొదలయ్యేది. అది కొట్టడం కాదు, ఆపడం. ఎదుటివాడి తల మీదికి ఉన్న బలమంతా పెట్టి దించిన కర్ర, తలకు వేలెడు దూరంలో నిలిచిపోవాలి. గుంజకు ఎండిన సొరబుర్రను తగిలించి దాని మీద అభ్యాసం చేయించేవాడు. ఐలేశానికి అన్నీ వచ్చాయి గానీ ఇదొక్కటి రాలేదు. జానమ్మ విత్తనానికని దాచుకున్న బుర్రలు పదకొండు పగిలాయి. పన్నెండోదాన్ని ఆమె గరిసెలో దాచిపెట్టింది.

పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, పెసర కాయ ముదురుతున్న రోజుల్లో, ఐలేశం ఒక్కడే మందను తోలుకొని పోయాడు. గొర్లు బుద్ధిగా మేస్తున్నాయి గదా అని, ఒక మొద్దును ఎదురుగా పెట్టుకొని ఆపడం అభ్యాసం చేయసాగాడు. ఇదుగో ఆగింది, ఇదుగో ఆగలేదు, మళ్లీ ఒక్కసారి, ఇంకొక్కసారి. తల తిప్పి చూసేసరికి మందంతా బుచ్చయ్య పెసరచెల్కలో ఉంది. నాలుగు సాళ్లు నున్నగా అయిపోయాయి.

బుచ్చయ్య ముసలివాడు. ఏడాది కష్టం కళ్లముందే నమిలేస్తుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. గొర్లను బందెల దొడ్డికి తోలించి తాళం వేయిస్తానని అదిలించసాగాడు. ఇంటి దగ్గర గంపల కింద పసి గొర్రెపిల్లలు తల్లుల పాల కోసం ఎదురుచూస్తుంటాయని ఐలేశం బతిమాలాడు. అంతదాకా బాగానే ఉంది. అప్పుడు ముసలాయన నోరు జారాడు.

"నిన్ను పెంచినోనికి గొర్లను సాకుడే ఎరుక. మనిషిని సాకుడు తెల్వది."

తనను ఎన్ని అన్నా ఐలేశం పడేవాడేమో. అన్నను అన్నాడు. కళ్లు మసకబారాయి, కర్ర లేచింది.

ఎవరో చెబితే పరుగెత్తుకొచ్చిన బీరన్న అప్పుడే గట్టు దాటాడు. చేయి అడ్డం పెట్టలేదు, అరవలేదు. అడుగు వేసి బుచ్చయ్యకూ కర్రకూ నడుమ నిలబడ్డాడు. దిగిన కర్ర ఆయన తలపాగా మీద, తాకీ తాకనట్టు ఆగింది.

బుచ్చయ్య గట్టు మీద కూలబడ్డాడు. బీరన్న ఆయన పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"కాకా, తప్పు మాదే. కాయ కోసుకున్నంక పది రాత్రులు మంద నీ చెల్కలనే నిలుపుతం. గింజ తీసుకోం."

మంద నిలిస్తే ఆ పెంటికలతో భూమికి బలమొస్తుంది. దానికోసం రైతులు కురుమలకు గింజలు కొలిచిచ్చి పిలుచుకొనే రోజులవి. బుచ్చయ్య సరేనని తలూపాడు. గొర్లు పొద్దుండగానే పిల్లల దగ్గరికి చేరాయి.

ఊరంతా అదే మాట. శిష్యుడి మీద ఎంత నమ్మకముంటే ఉస్తాద్ రెప్ప వేయకుండా నిలబడతాడు అన్నారు. నాలుగు రోజులు ఐలేశానికి నేల మీద కాలు ఆనలేదు. విద్య వచ్చేసిందనుకున్నాడు, అన్నకు తన మీద ఎంత గురి అనుకున్నాడు.

ఐదో రోజు పొద్దుగూకే వేళ గొర్లను దొడ్లో వేసి, వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. లోపల అన్న జొన్నరొట్టె తింటున్నాడు. తమ్ముడు ఆపుతాడని అంత నమ్మకమా నీకు అని జానమ్మ అడగడం వినిపించింది.

"యాడి నమ్మకం" అన్నాడు బీరన్న. "వాడు ఆపుతడని నేననుకోలే."

"మరెందుకు పోయినవ్?"

"ముసలాయనకు తాకితే వాడు జేలుకు పోతడు. నాకు తాకితే ఇంట్ల ముచ్చట ఇంట్లనే ఉంటది."

ఐలేశం తడికాళ్లతోనే లోపలికి వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు. బీరన్న కుడిచేత్తో రొట్టె తుంచుకుంటూ, ఎడమచేయి తమ్ముడి వీపు మీద వేశాడు. తినడం అయిపోయాక కూడా ఆ చేయి తీయలేదు.