ప్యాసింజర్‌కి ఒంట్లో బాగోలేదు

పూర్ణచంద్రరావు గారు జీవితంలో ఒక్క నిర్ణయం కూడా సొంతంగా తీసుకోలేదు. ఎదురుపడిన ప్రతి మనిషినీ "నువ్వేమంటావు?" అని అడిగి గానీ అడుగు వెయ్యరు. కాఫీలో చక్కెర సరిపోయిందో లేదో తన నాలుక ఒక్కటే చెబితే నమ్మరు. పాలవాడికి గ్లాసులో రెండు గుక్కలు పోసి, "నువ్వేమంటావు?" అంటారు. తెనాలిలో ఆయన ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. "ఏమంటావు పూర్ణచంద్రం" అంటే చాలు, ఆటోవాళ్ళు నేరుగా గుమ్మం ముందు దింపుతారు. కాకపోతే దారిపొడుగునా ఈ సందా ఆ సందా అన్నదాని మీద చర్చ తప్పదని తెలిసే ఎక్కించుకుంటారు.

ఇలాంటి మనిషి ముప్పై ఏళ్ళు బట్టల కొట్టు నడిపారంటే అది ఆ కొట్టు ఓర్పు. చీరాల నించి నేత చీరలు తెప్పించేవారు. ఎవరైనా ఓ ఇల్లాలు గంటసేపు ఏరి ఒక చీర ఒళ్ళో పెట్టుకోగానే, పక్కన కూర్చున్న ఇంకో ఇల్లాలి వైపు తిరిగి, "ఈ రంగు ఈవిడకి నప్పుతుందా? మీరేమంటారు?" అనేవారు. ఆవిడ ఏదో అనేది. ఈవిడ దానికి ఇంకేదో అనేది. చివరికి ఇద్దరూ చీరలు కొనకుండా, చెరో దారిన వెళ్ళిపోయేవారు. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి నచ్చిందా?" అని అడిగితే, ఈయన పెళ్ళికూతురి తాతగారి వైపు తిరిగి "తమరేమంటారు?" అన్నారట.

"మా తాతకి చెవుడు కాబట్టి నా పెళ్ళయింది" అంటారు రత్నకుమారి గారు ఇప్పటికీ.

ఆ ఇంటి డాబా మీద గదిలో ఉదయ్ కిరణ్ అద్దెకుండేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు. డిగ్రీ రెండో ఏడు మానేసి, ఊళ్ళో లైబ్రరీని బీరువాల వారీగా చదివేశాడు. ప్రపంచం అంతా తప్పుగా నడుస్తోందని మూడో బీరువాకే తేలిపోయింది. ఆ సంగతి తాను పనిచేసే కొరియర్ ఆఫీసు మేనేజరుకి విపులంగా, ఉదాహరణలతో చెప్పాడు. ఉదాహరణలన్నీ మేనేజరువే. ఆ సాయంత్రం నించి మూడు నెలలుగా గదిలోనే ఉన్నాడు. పదకొండింటికి లేచేవాడు. లేచి చెయ్యాల్సిందేమీ కనపడక మళ్ళీ పడుకునేవాడు. కిందికి దిగితే వీధి వీధంతా అడిగేది ఒకటే: "ఇప్పుడేం చేస్తున్నావు బాబూ?" జవాబు లేదు కాబట్టి దిగడం మానేశాడు.

డిసెంబరు మొదటి వారంలో ఒక సోమవారం పూర్ణచంద్రరావు గారే మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టారు.

"ఉదయ్, ప్యాసింజర్‌కి ఒంట్లో బాగోలేదు. నువ్వేమంటావు?"

ప్యాసింజర్ అంటే వాళ్ళింటి తాబేలు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక వానాకాలం గేటు కింద సందులోంచి లోపలికొచ్చింది. రేపల్లె ప్యాసింజర్‌లాగా నాలుగడుగులకోసారి ఆగుతుందని ఆ పేరు పెట్టారు. ఆ పేరు కూడా ఆరుగురిని అడిగి పెట్టిందే. తాబేళ్ళని ఇళ్ళలో పెంచడం చట్టవిరుద్ధమని ఉదయ్ వచ్చిన కొత్తలోనే చదివి చెప్పాడు. పూర్ణచంద్రరావు గారు వెంటనే పెరట్లోకి వెళ్ళి, గేటు బార్లా తెరిచి, తాబేలు ముందు గొంతుక్కూర్చుని, "చట్టం ఇలా ఉందట. నువ్వేమంటావు?" అని అడిగారు. అది గేటు దాకా వెళ్ళి, వీధిని ఒకసారి చూసి, వెనక్కొచ్చి బీరకాయ తొక్కలు తింది.

ఆ తాబేలు ఇప్పుడు మందకొడిగా ఉందట. తాబేలు మందకొడిగా ఉందనడం చేపకి జలుబు చేసిందనడం లాంటిదని ఉదయ్‌కి అనిపించింది గానీ, కిందికి వెళ్ళాక నవ్వు రాలేదు. రత్నకుమారి గారు చేతిలో బీరకాయ తొక్కలు పట్టుకుని తొట్టి దగ్గర కూర్చుని ఉన్నారు. తాబేలు తల లోపలికి లాక్కుని రాయిలా పడి ఉంది.

"తొమ్మిది రోజులైంది నాయనా. నా చేతి తొక్క ముట్టట్లేదు. ఇలాగే ఉంటే చచ్చిపోద్ది" అన్నారావిడ. మామూలుగా ఆవిడ మాటలో ఉండే కారం లేదు.

అప్పటికే వీధిలో సగం మంది అభిప్రాయాలు చెప్పి వెళ్ళారు. దిష్టి అన్నవాళ్ళున్నారు, వయసు అన్నవాళ్ళున్నారు. పెరట్లో బట్టలు ఆరేస్తున్న పనిమనిషి అంకమ్మ కూడా తప్పించుకోలేదు.

"అంకమ్మా, నువ్వేమంటావు?"

"నేననేదేముంది అయ్యగారూ. పక్కన ఆ మూడంతస్తుల మేడ లేచాక మన దొడ్లో ఎండ పడతందా? చీరే ఆరట్లా. తాబేలేం బాగుంటది?"

ఉదయ్ మనసులోనే నవ్వుకున్నాడు. సైన్సు ఇక్కడ చీరలు ఆరేసుకుంటోంది అనుకున్నాడు. తన వంతు రాగానే గొంతు సవరించుకుని, "ఇది శరీరానికి సంబంధించింది కాదు బాబాయ్ గారూ. నాలుగు గోడల మధ్య ఏళ్ళ తరబడి ఉంటే ఏ ప్రాణికైనా విసుగు పుడుతుంది. తిండి మీద, మనుషుల మీద, అన్నిటి మీదా. బయట తిప్పాలి. కొత్త మనుషుల్ని చూపించాలి" అన్నాడు.

పూర్ణచంద్రరావు గారు అతని వైపు చాలాసేపు చూశారు.

"నువ్వు చెప్పిందే సబబుగా ఉంది. అయితే తోడు రా. ఒక్కణ్ణే తిప్పలేను."

ఆ విధంగా తన చీటీ తానే రాసుకుని ఉదయ్ ఇరుక్కుపోయాడు.

బుధవారం పొద్దున్నే తలుపు కొట్టి లేపారు. తాబేలు అప్పటికే బుట్టలో, తువ్వాలు కింద సిద్ధంగా ఉంది. మొదటి మజిలీ అంగలకుదురులో బ్రహ్మయ్య గారు. ఒకప్పుడు చుట్టుపక్కల గేదెలన్నిటికీ ఆయనే వైద్యుడు. ఇప్పుడు ఫోను చేస్తే మోటారు సైకిలు మీద వచ్చే కుర్ర డాక్టర్లున్నారు. అయినా తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని వేసుకుని, అరుగు మీద గేదె కోసం చూస్తూ కూర్చుని ఉన్నారు.

బుట్టలో ఉన్నదేంటో చూసి ఆయన ఒక్క క్షణం తడబడ్డారు గానీ, గేదెల కాన్పులూ పాలూ రాసుకునే రిజిస్టరు మాత్రం తెరిచారు.

"ఎన్నో ఈత?"

"తాబేలండి" అన్నాడు ఉదయ్.

"కనపడతానే ఉందిలే. కాలమ్ ఖాళీగా ఉంచకూడదు కదయ్యా. రోజుకి పాలెన్ని లీటర్లు?"

ఉదయ్ నోరు తెరిచేలోపే పూర్ణచంద్రరావు గారు వినయంగా, "ప్రస్తుతం ఇవ్వడం లేదండి" అన్నారు.

బ్రహ్మయ్య గారు అదే రాసుకున్నారు. తర్వాత స్టెతస్కోపు డిప్ప మీద పెట్టి కళ్ళు మూసుకుని, "గుండె గడియారంలా కొట్టుకుంటోంది" అన్నారు. ఆయన తలకి జానెడు దూరంలో గోడ గడియారం ఉంది. గేదెకి పావు లీటరు పట్టే కాల్షియం మందుని కాగితం మీద భాగించి, భాగించి, చివరికి ఒక చుక్క దగ్గర ఆగారు. "దూడకైనా రెండు చుక్కలు వేస్తాను. దీనికి ఒకటే. ఎక్కువైతే పొడుస్తుంది."

శుక్రవారం బాపట్ల. అక్కడ స్టెల్లా టీచర్ ఉన్నారు. ముప్పై మూడేళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. వరండా గోడకి ఒక నల్లబల్ల, దాని కింద కొత్త సుద్దముక్కల పెట్టె. పెట్టె ఇంకా విప్పలేదు. తాబేలుని చూడగానే ఆవిడ ఆ పెట్టె విప్పారు. ఎదురుగా ఉన్నది ముగ్గురు విద్యార్థులు, అందులో ఒకరు బుట్టలో ఉన్నారు. గంటన్నర క్లాసు జరిగింది.

"శీతల రక్త జీవి అంటే ఏంటి? నువ్వు చెప్పు, వెనక కూర్చున్నబ్బాయ్!"

వెనక కూర్చున్నది ఉదయే. అయిదో బీరువాలో చదివిన సంగతి గడగడా అప్పజెప్పాడు.

"వెరీ గుడ్. ఇంత తెలిసినవాడివి ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నావు?" అనబోయారేమో గానీ, పూర్ణచంద్రరావు గారు మధ్యలో దగ్గి, "టీచర్ గారూ, వైద్యం ఏమంటారు?" అన్నారు. గోరువెచ్చటి నీళ్ళలో రోజూ ఇరవై నిమిషాలు ఉంచమన్నారావిడ. వచ్చే వారం మళ్ళీ తెమ్మన్నారు. పాఠం సగమే అయిందట.

ఆదివారం రేపల్లె. ప్యాసింజర్ బండిలోనే ప్యాసింజర్‌ని ఎక్కించుకుని వెళ్ళారు. దిగి, నగరం అనే ఊరికి వెళ్ళే రోడ్డు మీద నాగుల్ మీరా గారి రొయ్యల మేత దుకాణానికి చేరారు. రొయ్యల చెరువులు బాగా పండిన రోజుల్లో ఆయన మాట కోసం రైతులు కార్లు పంపేవారట. తర్వాత ఒక ఏడాది ఆయన "భయం లేదు" అన్నారు. ఆ వారమే చెరువులన్నీ తెల్లమచ్చ రోగంతో పోయాయి. అప్పట్నించి ఆ దుకాణం మెట్లెవరూ ఎక్కలేదు.

"షావుకారు గారూ! నా దగ్గరికొచ్చారా?" అని ఆయన నిజంగానే వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమో అని చూసుకున్నారు. తర్వాత తేరుకుని, తాబేలుని ఒళ్ళో పెట్టుకుని, గంభీరంగా, "నీళ్ళలో ఆక్సిజన్ తగ్గింది" అన్నారు.

"ఇది నేల మీద తిరిగే తాబేలండి" అన్నాడు ఉదయ్.

"అయితే గాలిలో తగ్గింది."

ఆ మాట పూర్తయ్యేలోపు ప్యాసింజర్ ఆయన లుంగీ మీద తన అభిప్రాయం వెల్లడించింది, ధారాళంగా. రెండు వారాలుగా పస్తులున్న ప్రాణికి అంత సరుకు ఎక్కడిదన్న అనుమానం రావాలి. బీరువాలు బీరువాలు చదివిన ఉదయ్‌కి రాలేదు. నాగుల్ మీరా గారు మాత్రం సంబరపడిపోయారు. "చూశారా, చెయ్యి తగలగానే కదిలింది!" అని చిటికెడు బెల్లం, చిటికెడు రొయ్యల మేత పొట్లం కట్టి ఇచ్చారు.

మూడు ఊళ్ళు తిరిగి వచ్చేసరికి రత్నకుమారి గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "దానికి బాపట్ల చూపించారు, రేపల్లె చూపించారు. పెళ్ళయి ముప్పై అయిదేళ్ళు, నాకు సూర్యలంక సముద్రం చూపించారా మీరు?"

"నువ్వు తినడం మానలేదు కదా" అన్నారాయన.

సోమవారం ఎవరూ లేపకుండానే ఉదయ్‌కి ఏడున్నరకి మెలకువ వచ్చేసింది. పాడు అలవాటు అయిందనుకుంటూ తలుపు తీశాడు. డాబా నిండా ఎండ. ఆ ఎండలో ప్యాసింజర్ ఈ చివరి నించి ఆ చివరికి ఎక్స్‌ప్రెస్‌లా వెళ్తోంది. దారిలో ఒక బచ్చలాకు, ఒక బీరకాయ తొక్క, మళ్ళీ బచ్చలాకు. పక్కన అంకమ్మ చీరలు ఆరేస్తోంది.

"ఇది... తింటోందే!"

"కిందటి మంగళారం నించీ తింటానే ఉందిగా బాబూ. నే చెప్పిన మర్నాడే అయ్యగారు పైకి తెచ్చి ఎండలో పెట్టారు. అమ్మగారు నాకు జాకెట్టు గుడ్డ కూడా పెట్టింది. రోజూ ఇక్కడే తిరగతంది, నీ గుమ్మం ముందే. పదింటికల్లా కిందికి దించేస్తారు. నువ్వు పదకొండింటికి గానీ లేవవు కదా."

"మరి ఊళ్ళన్నీ ఎందుకు తిప్పారు?"

"నాకేం తెలుసు బాబూ. ఆయనకి అందర్నీ అడగటం అలవాటాయె."

ఉదయ్ పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు. కుదుటపడిన తాబేలుని బుట్టలో పెట్టుకుని, పనిగట్టుకుని ముగ్గురి దగ్గరికి వెళ్ళారు. గేదె రాని గేదెల డాక్టరు. క్లాసు లేని టీచరు. చెరువు లేని రొయ్యల నిపుణుడు. వాళ్ళు ముగ్గురు. బుట్ట మోసినవాడితో కలిపి నలుగురని లెక్క తేలడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. ప్యాసింజర్ వచ్చి అతని కాలి బొటనవేలుని వాసన చూసి, తినేది కాదని తేల్చుకుని వెళ్ళిపోయింది.

కోపం రావాలి. అతనికి ఏ విషయంలోనైనా ముందు వచ్చేది అదే. పిట్టగోడ మీద కూర్చుని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు.

కింద నించి ఫోను మాటలు వినపడుతున్నాయి. "టీచర్ గారూ, ఆ వేణ్ణీళ్ళతోనే లేచి కూర్చుందండి... అవునండి, మిగతా పాఠానికి వస్తామండి." కాసేపాగి, "మీరా గారూ, మీ బెల్లం పొట్లమే!" తర్వాత స్లిప్పర్లు మెట్లెక్కుతున్న చప్పుడు. పూర్ణచంద్రరావు గారు ఫోను చేత్తో పట్టుకుని పైకొచ్చారు. ఉదయ్‌నీ, ఎండనీ, తాబేలునీ, అంకమ్మనీ వరసగా చూశారు. కొట్లో చీర తిరగేసి పట్టుకున్న రోజుల్లో కూడా ఆయన అంత ఇబ్బంది పడి ఉండరు.

"నువ్వు చెప్పిందే నిజమయిందయ్యా. బయట తిప్పాలన్నావు చూడు..." అని గొణిగి, ఫోను అతనికి అందించారు. "బ్రహ్మయ్య గారు. నా మాట నమ్మట్లేదు. నిన్నడుగుతారట."

ఫోనులో గొంతు వణుకుతోంది. "బాబూ, నువ్వు చదువుకున్నవాడివి, అబద్ధం చెప్పవు. ఒక్క చుక్కకే లేచిందా?"

ఉదయ్ నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. తాబేలు వైపు చూశాడు. అది బచ్చలాకు నములుతూ అతని వైపు చూసింది.

"ఒక్క చుక్కేనండి" అన్నాడు. "అదీ కొంచెం ఎక్కువైనట్టుందండి. పట్టుకోలేకపోతున్నాం."

అవతలి నించి పెద్ద నవ్వు వినపడింది. "చెప్పానా! దూడకైతే రెండు!"

ఫోను పెట్టేశాక ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. కింద వంటింట్లో రత్నకుమారి గారు మిక్సీ వేశారు. పూర్ణచంద్రరావు గారు చెవి అటు పెట్టారు.

"ఆ మిక్సీ శబ్దం తేడాగా లేదూ? నందివెలుగులో పాత మిక్సీలు బాగుచేసే ఆయనొకడుండేవాడు. ఇప్పుడు అందరూ కొత్తవి కొనేస్తున్నారు... నువ్వేమంటావు?"

ఉదయ్ శ్రద్ధగా విన్నాడు. ఆ మిక్సీ కొని ఇంకా ఆరు నెలలు కాలేదు. చక్కగా, నున్నగా తిరుగుతోంది.

"తేడాగానే ఉందండి బాబాయ్ గారూ" అన్నాడు, చొక్కా కోసం గదిలోకి వెళ్తూ. "ఎనిమిదింటి బస్సు అందుకోవచ్చు."