మామ కంచంలో మిగిలింది

మా మేనత్త తాయమ్మాళ్‌ని లావని నవ్విన వాళ్లందరి మీదా నాకు కోపమే. ఆ జాబితాలో మొదటి పేరు నాది. చిన్నప్పుడు ఆమె ఆటో ఎక్కుతుంటే టైర్లలో గాలి చూసుకోమని డ్రైవరుకు చెప్పి కిలకిలా నవ్వేదాన్ని.

ఇప్పుడు ఆమె బరువు నూట పద్దెనిమిది కిలోలు. షుగరుంది, మోకాళ్లు అరిగిపోయాయి, నిద్రలో ఊపిరి ఆగిపోతోంది. కోయంబత్తూరు గాంధీపురంలో, గోవిందరాజన్ మామ మోటార్లు బాగుచేసే షెడ్డు మీదే వాళ్ల కాపురం. ఆ మెట్లు దిగాలంటే అత్త గోడ పట్టుకుని ఏడుస్తుంది. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ ఒక్కటే దారి అన్నాడు డాక్టరు. అయితే ముందు ఆరు వారాల్లో ఐదు కిలోలు తగ్గాలి, కాలేయంలో కొవ్వు కరగందే కత్తి పెట్టనని తేల్చేశాడు. బరువు తగ్గక ఇప్పటికే ఒకసారి తేదీ పోయింది.

ఈసారి డాక్టరు చెప్పినవన్నీ అత్త చేసింది. కాఫీలో చక్కెర మానేసింది. పొద్దున్నే డాబా మీద కర్ర పట్టుకుని నడిచింది. ముద్దను ఇరవైసార్లు నమిలింది, అన్నంతోపాటు నీళ్లు తాగడం మానింది. తిన్నదంతా తమిళంలో నోటుపుస్తకంలో రాసింది. రెండు వారాలకు తూకం చూస్తే ఒక కిలో పెరిగింది.

ఆసుపత్రిలో తిండి పట్టిక చూసే షణ్ముగప్రియ పుస్తకం మూసి, రాయనిదేదో తింటున్నారని తమిళంలో చెప్పింది. అత్త తల దించుకుంది. బయటికి రాగానే నేను కూడా, దొంగతిండి తింటున్నావా అని అడిగేశాను. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"సత్యంగా దొంగతనంగా ఏమీ తిన్లే, పాపా," అంది.

నాకు నమ్మకం కుదరలేదు. మరుసటి శనివారం సెలవు పెట్టి వాళ్లింట్లోనే కూర్చున్నాను, కాపలాకి.

పొద్దున కొడుకు నరేన్ సగం దోసె వదిలేసి బైకెక్కాడు. అత్త గిన్నెలు కడగబోతూ దాన్ని నోట్లో వేసుకుంది. కుప్పమ్మాళ్ అవ్వ, అంటే మామ తల్లి, పొంగలి నాలుగు ముద్దలు తిని గిన్నె అత్త వైపు జరిపింది. మధ్యాహ్నం మామ సాంబారన్నం తిన్నాడు, చివర పెరుగన్నం గుప్పెడు వదిలి, కంచం అక్కడే ఉంచి లేచాడు. మగడి కంచంలో మిగిలిందాంతోనే ఆడది భోజనం మొదలుపెట్టాలని ఆ ఇంటి ఆచారం. అత్త ఆ కంచం ముందే కూర్చుంది. ఆ గుప్పెడూ తిన్నాక, షణ్ముగప్రియ చెప్పిన కప్పు అన్నం అందులోనే కొలిచి వడ్డించుకుంది. పుస్తకంలో ఒక కప్పు అని రాసింది.

"ముందు తిన్నది రాయలేదేమత్తా?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "అది తిండా పాపా? మిచ్చం కదా. పారేస్తామా?"

మిచ్చం అంటే మిగిలింది. పెళ్లయిన ఇరవై ఏడేళ్లుగా ఆమె దాన్ని తిండి కింద లెక్కేయలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. రాత్రిదాకా ఆమె వెంటే తిరిగి, ఆరోజు మిగిలినవాటిలో ఆమె తిన్నదంతా పుస్తకంలో ఎదుటి పేజీలో రాశాను. ఆ పేజీ నిండిపోయింది. ఆమె సొంత భోజనం ఐదు వరుసలే ఉంది.

అత్త రెండు పేజీలూ చూసింది. మళ్లీ చూసింది.

మరునాడు మధ్యాహ్నం మామ ఎప్పటిలాగే గుప్పెడు వదిలి లేవబోయాడు. అత్త కంచాన్ని ఆయన ముందుకే తోసింది.

"తినేంతే పెట్టుకోండి. నా కడుపు మీ ఇంటి చెత్త వేసే కుప్పతొట్టి కాదు."

అవ్వ అందుకుంది. "ఏమే, మొగుడి కంచంలో తినేది పుణ్యమే. మేమంతా తిన్లేదా?"

"ఆ పుణ్యం నూట పంతొమ్మిది కిలోలుండాది, అత్తా. మీరు కొంచెం మోస్తారా?"

అవ్వ రెండు రోజులు అలిగింది. అలగనీ అనుకుంది అత్త. తనకోసం చిన్న కంచం కొనుక్కుంది. మిగిలితే వదిలినవాళ్ల ముందే పెట్టింది, రాత్రికి అదే వడ్డించింది. వారం తిరగకుండా ఆ ఇంట్లో వంట తగ్గింది. ఇంతకాలం ఆ ఎక్కువంతా ఎవరి కడుపులోకి పోయేదో ఒక్కరూ నోరు తెరిచి అనలేదు. అదే నాకు ఇంకా మంట.

ఆరో వారం తూకంలో ఆరు కిలోలు తగ్గింది. డాక్టరు సోమవారం తేదీ ఇచ్చాడు. కడుపును ఎంత కోస్తారో, ఎంత మిగులుతుందో బొమ్మ గీసి చూపించాడు. తర్వాత అరకప్పు కూడా పట్టదన్నాడు. మామ ఆపరేషన్‌కు ఒప్పుకునే కాగితం అందుకుని సంతకం చేయబోయాడు. అత్త లాగేసుకుంది.

"కడుపు నాది," అని తానే సంతకం పెట్టింది. పెన్ను మూస్తూ ఆ బొమ్మనే చూసింది.

"ఇరవై ఏడేళ్లు నా కడుపుకు ఎంత కావాలని ఒకరూ అడగలే, పాపా. ఇప్పుడు కోసేదానికి కొలుస్తా ఉండారు."