నేనే విప్పిన వాషింగ్ మెషీన్

నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్‌కు వచ్చేవి బోరు నీళ్లు. రెండు నెలలు వాడితే బకెట్లకు తెల్లగా ఉప్పు పడుతుంది. వాషింగ్ మెషీన్‌లో నీళ్లు కాచే హీటర్‌కూ అలాగే పడుతుందని విని, ఒక శనివారం ఫోన్‌లో వీడియో పెట్టుకుని మెషీన్ వెనక రేకు విప్పాను. హీటర్ బయటికి లాగి, ఉప్పంతా గోకి, మళ్లీ బిగించాను. చుక్క నీరు కారలేదు. మెకానిక్ అక్కర్లేకుండా చేశానని మా ఆయన దగ్గర రెండు రోజులు గొప్పలు పోయాను.

వారం తిరక్కుండానే మెషీన్ వేడెక్కిపోయింది. తలుపు అద్దం మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. నా ఎర్ర కుర్తా రంగు దిగి, మా పాప తెల్ల యూనిఫాం గులాబీ రంగుకు తిరిగింది.

రోజూ బట్టలు వేసేది మా పనామె. వికారాబాద్ వైపు మనిషి. మా టవర్‌లోనే నాలుగిళ్లు చేస్తుంది.

“డయల్ తొంభై డిగ్రీల మీద పెట్టావా?” అని గట్టిగా అడిగాను.

“లేదక్కా, నలభై మీదనే పెట్టిన. రోజు గట్లనే పెడ్త గదా.”

“మరి దానంతట అదే కాగిందా?”

ఆమె గులాబీ యూనిఫాం పిండి బకెట్‌లో వేసింది. “నువ్వు విప్పినాకనే కదా ఇట్లయింది?” అని మా ఆయన నసిగారు. మా కడపలో పుట్టిన కోపం నాది, ఆ మాటతో ఇంకా రాజుకుంది. ఆఫీసులో నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పొద్దస్తమానం ఎదుటివాళ్ల తప్పులు పట్టేదాన్ని, నా చేతి పనిలో తప్పుంటుందని ఎందుకనుకుంటాను?

మా టవర్ ఆడవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. ఎవరినైనా పనికి పెట్టుకునే ముందు అందులో అడుగుతారు. ఇప్పటికే పెట్టుకున్నవాళ్లు రాసే ఒక్క వాక్యమే పనామెకు సర్టిఫికెట్. ఎనిమిదో అంతస్తులో రోజంతా ఉండే పని ఒకటి ఉందని మా పనామెకు తెలిసింది. “వాళ్లు అడిగితే జర మంచిగ చెప్పక్కా. నాలుగిండ్లు తిరిగి మోకాళ్లు పోతున్నయి” అని అంతకుముందే నన్ను బతిమాలింది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే వాళ్లు గ్రూప్‌లో అడిగారు. “మనిషి మంచిదే, మెషీన్ల దగ్గర మాత్రం అజాగ్రత్త” అని రాశాను. ఆమె వెళ్లిపోతే నాకు ఇబ్బంది అన్న ఆలోచన కూడా లోపల ఎక్కడో ఉందేమో. లేదని ఒట్టు వేయలేను.

ఆదివారం మళ్లీ రేకు విప్పాను. హీటర్ పక్కనే వేలెడంత సెన్సర్ ఉంటుంది. నీళ్లు ఎంత కాగాయో చెప్పేది అదే. నేను దాన్ని సగమే లోపలికి నెట్టాను. మెషీన్ అదురుకు అది మెల్లగా వెనక్కి జారి, దాని మొన నీళ్లను తాకకుండా రబ్బరులోనే ఉండిపోయింది. నీళ్లు చల్లగానే ఉన్నాయనుకుని హీటర్ మరిగిస్తూనే ఉంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే టక్కున కూర్చుంది. నలభై మీద పెట్టి చూస్తే నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత అక్కడే నేల మీద కూర్చున్న నాకు గుర్తొచ్చింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

“పొరపాటు నాది, ఆమెది కాదు” అని వెంటనే గ్రూప్‌లో పెట్టాను. ఎనిమిదో అంతస్తు ఆవిడ జవాబిచ్చింది. “అయ్యో, నిన్ననే వేరే ఆమెను పెట్టుకున్నామండి.”

మర్నాడు పనామెకు సెన్సర్ సంగతీ చెప్పాను, గ్రూప్‌లో రాసిన మాటా చెప్పాను. క్షమించమన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“పోనీలే అక్కా. ఇగ ఏం జేస్తం” అని చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టింది.

నెల దాటింది. మెషీన్ చక్కగా నడుస్తోంది. ఆమె ఇప్పుడు బట్టలు వేసి, డయల్ తిప్పి, బటన్ నొక్కకుండా ఆగి నన్ను పిలుస్తుంది. నేను ఇంట్లోంచే ఆఫీస్ కాల్‌లో ఉన్నా సరే.

“అక్కా, జర వచ్చి నువ్వే చూడు. నలభై మీదనే పెట్టిన.”

రోజూ వెళ్లి చూస్తున్నాను. అక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా వినదు. నేను చూశానని చెబితేగానీ ఆమె బటన్ నొక్కదు.