జర్మను పెద్దమనుషులకు నా వాక్యపఠనం

ఆ కరోనా రోజుల్లో మనిషికి మనిషంటే భయం. ఐర్లండ్‌లో మా డండాక్ వీధుల్లో ఎదురుపడినవాళ్ళు మర్యాదగా రోడ్డు దాటి అవతలి పక్కకు పోయి, అక్కడినుంచి "హౌ ఆర్ యూ" అని పలకరించేవారు. ఇంటికి అయిదు కిలోమీటర్లు దాటితే గార్డులు (ఇక్కడ పోలీసులను అలాగే అంటారు) కారు ఆపి ఎక్కడికని అడిగేవారు. చర్చిలు మూతపడ్డాయి. పాస్టరు కొడుకుగా పుట్టి, నడక రాకముందే ఆరాధనలో కదలకుండా కూర్చోవడం నేర్చుకున్న నాకు, వారంలోంచి ఎవరో ఆదివారాన్ని పీకేసినట్టుండేది. ఆ ఆకలివల్లనే కాబోలు, ఆ సాయంత్రం నేనంత పని చేశాను.

అప్పుడు నేను వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో కొత్త ఇంజనీరును. నేనూ, ఎమ్మెస్సీ చదవడానికి కరీంనగర్ నుంచి వచ్చిన ఒక తమ్ముడూ ఒక ముసలాయన ఇంట్లో చెరో గదిలో అద్దెకుండేవాళ్ళం. ఆయన జర్మను. బొగ్గూ ఉక్కూ తప్ప వేరే లోకం లేని ఒక ఊళ్ళో పుట్టి, యంత్రాలు బిగించడానికి ఐర్లండ్ వచ్చి, ఇక్కడి అమ్మాయిని పెళ్ళాడి, ఆవిడ పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. ఎదురుగా అంకుల్ అనీ, చాటున ఇంజనీరు తాత అనీ అనేవాళ్ళం. మాది గుంటూరు జిల్లాలో లూథరన్ సంఘం. కనుక జర్మను అనగానే దూరపు చుట్టం దొరికినంత సంబరపడి, చేరిన రోజే "మీరు ఏ సంఘం అంకుల్?" అని అడిగాను. ఆయన, "సంఘం లేదు. క్లబ్బు ఉంది," అన్నారు.

ఆ క్లబ్బు సంగతి తర్వాత భోజనాల దగ్గర విడతలు విడతలుగా తెలిసింది. గనుల యజమానులు, ఉక్కు కార్ఖానా ఇంజనీర్లు, ఒక డాక్టరు, ఇద్దరు జడ్జీలు కలిసి ఆ ఊళ్ళో పెద్దమనుషుల కోసం పెట్టుకున్నారట. పేపర్లు చదవడం, చెక్క బంతులు దొర్లించి ఆడుకోవడం, రాత్రి భోంచేయడం, ఇదే దాని పని. భోజనాల బల్ల దగ్గర వ్యాపారం మాట్లాడకూడదు, మతం మాట్లాడకూడదు. (మొదటి ఏడాదే కతోలికులూ ప్రొటెస్టెంట్లూ సూపు గిన్నెలు విసురుకున్నారట, అందుకని.) రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి భవనం తగలబడుతుంటే వెండి కప్పులు తీసుకుని పరుగెత్తినవాళ్ళు కొందరైతే, అంకుల్ వాళ్ళ నాన్న తన కుర్చీని నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చారు. భవనం మళ్ళీ లేచేదాకా నేలమాళిగలో కలుసుకునేవారట, చలి కాచుకోవడానికి ఎవరి బొగ్గు వాళ్ళు బకెట్లో తెచ్చుకుని. నాన్న తర్వాత ఆ కుర్చీ అంకుల్‌ది. వెనక ఇత్తడి రేకు మీద తండ్రీకొడుకుల పేర్లున్నాయి.

చిక్కల్లా ఒక నియమంతో వచ్చింది. క్లబ్బు పుట్టినరోజు విందుకు సభ్యుడు కాలరు నుంచి బూట్ల దాకా పూర్తి దుస్తుల్లో రావాలి. వరసగా మూడేళ్ళు రాకపోతే కుర్చీ ఇంకొకరికి పోతుంది. భార్య జబ్బుతో ఒక ఏడాది, ఆవిడ పోయాక మరో ఏడాది అంకుల్ వెళ్ళలేదు. ఇది మూడోది, విమానాలు లేవు. అక్కడా అందరూ ఇళ్ళలోనే ఉన్నారు కనుక విందు కంప్యూటరు తెర మీద పెట్టుకున్నారు. అయితే అధ్యక్షుడు ఫోను చేసి, "తెర మీద ఛాతీ వరకే కనిపిస్తుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళను మేమెరుగుదుం. విదేశంలో ఉన్నవాడు నియమం పాటించాడని ఎలా నమ్మడం?" అన్నాడట. ఆఖరికి తేలిందేమంటే, కుర్చీ వివాదంలో ఉన్న సభ్యుడు పాత ఆచారం ప్రకారం క్లబ్బు చరిత్ర నిలబడి చదవాలి, ఆ తర్వాత ఓటు.

అంకుల్ కళ్ళకు శుక్లాలు. ఆపరేషను ఆస్పత్రివాళ్ళు వాయిదా వేశారు. "నా అతిథి చదవచ్చు, నియమంలో ఉంది," అని నా వైపు చూశారు. నాకు జర్మను రాదన్నాను. "నాకు వచ్చుగా," అన్నారు.

అలా ఆయన భూతద్దం పెట్టి కూడబలుక్కుంటూ ఒక్కో వాక్యం పలకడం, నేను దాన్ని తెలుగు లిపిలో రాసుకుని పక్కన అది దేని గురించో గుర్తు పెట్టుకోవడం మొదలైంది. మన అక్షరాల్లో లేని ఒక ధ్వనికి 'ఓ' రాసి చుట్టూ సున్నా చుట్టాను, పెదవులు గుండ్రంగా పెట్టాలని గుర్తు. డ్యూటీ నుంచి రాగానే వంటింట్లో నిలబడి చదివేవాణ్ణి. తమ్ముడు ప్రెస్ తలుపు (ఇక్కడ అలమారను ప్రెస్ అంటారు) తెరిచి బిస్కట్లు వెతుక్కుంటూ వినేవాడు.

"అన్నా, ఒక మాట చెప్తే కోపం తెచ్చుకోవు గదా."

"చెప్పు."

"నువ్వు సదువుతుంటే క్లబ్బు ముచ్చట లెక్క లేదే. మా ఊరి చర్చి మైకు లెక్కున్నది. గా బొగ్గు బకెట్ల కాడ నాకు ఏడుపొచ్చింది."

"అర్థమైందా నీకు?"

"ఒక్క ముక్క కాలే."

మేమిద్దరం నవ్వుకున్నాం, అంకుల్ మాత్రం నవ్వలేదు. ఆ వారమంతా ఆయన సరిగ్గా తినలేదు. "కుర్చీ పోతే ఇంకో కుర్చీ అంకుల్," అని ఓదార్చబోయాను. "మా దేశంలో సమాధికి గడువుంటుంది, మా నాన్నది ఎప్పుడో తీసేశారు. ఇక ఆయన పేరున్నది ఆ కుర్చీమీదే," అన్నారు. ఆ రాత్రి నేను ప్రార్థనకు నా గదికి పోకుండా వంటింట్లోనే మోకరించాను, కాగితం చేతిలో పెట్టుకునే.

ఆ సాయంత్రం అంకుల్ నల్ల సూటు వేసుకుని, మెడకు బో టై కట్టుకుని, బూట్లు పాలిష్ చేసుకుని వచ్చారు. నా పెళ్ళికని అమ్మ ముందే కుట్టించి పంపిన సూటు నేను వేసుకున్నాను. (పెళ్ళికూతురు అప్పటికి ఇంకా దొరకలేదు.) ఇద్దరమూ కనిపించాలని ల్యాప్‌టాప్‌ను దూరంగా ప్రెస్ మీద ఎక్కించాం. నెట్ అంతా మాకే అందాలని తమ్ముణ్ణి ఫోను ఆపేసి కూర్చోమన్నాను. "జైల్ల కూడా గింత కష్టముండదన్నా," అంటూ మెట్ల మీద కూర్చున్నాడు. వాళ్ళు గ్లాసుల్లో వైను పోసుకున్నారు. నా గ్లాసులో నల్లద్రాక్ష శర్బతు, రంగు ఒకటే కనుక దేవుడికి తప్ప తేడా తెలియదు.

తెర నిండా చిన్న చిన్న గళ్ళు, గడికొక ముసలి ముఖం. అందరికీ బో టైలు, కొందరికి ఛాతీ మీద పతకాలు. మధ్య గడిలో అధ్యక్షుడు, సన్నని పెదవులు, రెప్ప వేయని కళ్ళు. ఆయన ఏవో నాలుగు మాటలు చెప్పి నా వైపు చెయ్యి చూపించాడు. మొదటి వాక్యం ఎక్కడుందో కాగితంలో నాకు కనిపించలేదు.  అంకుల్ బల్ల అంచు పట్టుకున్నారు. ఏం చెయ్యాలో తోచనప్పుడు మనిషి తనకు బాగా అలవాటైన పని చేస్తాడు. నాకు అలవాటైంది ఒకటే. చేతిలో కాగితం, ఎదురుగా సమాజం, మధ్యలో నిశ్శబ్దం. రెండు అరచేతులూ పైకెత్తి, గుంటూరు జిల్లాలో మా నాన్నగారి చర్చి పీఠం దగ్గర బైబిలు చదవడానికి నిలబడ్డట్టే, స్పష్టమైన తెలుగులో, "వాక్యపఠనం నిమిత్తమై మనమందరం లేచి నిలబడదాం," అన్నాను.

అని, తల వంచుకుని చదవడం మొదలుపెట్టాను.

ఇక తల ఎత్తలేదు. ఎత్తితే వరస తప్పుతుందని భయం. గనులు, జడ్జీలు, సూపు గిన్నెలు, బాంబు, నెత్తిన కుర్చీ, బొగ్గు బకెట్లు. యుద్ధంలో పోయిన సభ్యుల పేర్ల దగ్గర నా గొంతు దానంతటదే నెమ్మదించింది. చివరి వాక్యం అయ్యాక, నోరు మూసుకోవాల్సింది పోయి, "ఈ మాటలను ప్రభువు మన హృదయాలలో స్థిరపరచును గాక," అని కూడా అనేశాను. అప్పుడు చూశాను.

ప్రతి గడిలోనూ వాళ్ళు, కుర్చీలు పక్కకు నెట్టి, ముఖాలు కనబడేలా బాగా వెనక్కి జరిగి నిలబడి ఉన్నారు. కూర్చోమని నేను చెప్పలేదు కనుక చదివినంతసేపూ నిలబడే ఉన్నారు. ముసలి మోకాళ్ళు. కొందరు కుర్చీ వీపు పట్టుకున్నారు. పైన బో టైలు, పతకాలు, నల్ల కోట్లు. కింద ఒకాయనకు పొట్టి నిక్కరు. ఒకాయనకు పూల దుప్పటి నడుముకు చుట్టి ఉంది. మధ్య గడిలో అధ్యక్షుల వారికి చారల పైజామా, ఉన్ని మేజోళ్ళు. మా గడిలో మాత్రం అంకుల్, కాలరు నుంచి బూట్ల దాకా, పెళ్ళికొడుకులా.

 అధ్యక్షుడు మెల్లగా తల వంచి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఆయన పరువు తీశాను, ఇక కుర్చీ పోయినట్టే అనుకున్నాను. మూల గడిలోంచి అందరికంటే పెద్దాయన, దుప్పటి చుట్టుకున్నాయన, బొంగురు గొంతుతో "ఆమేన్" అన్నారు. బల్ల దగ్గర మతం మాట్లాడకూడదన్న నియమం కూడా అక్కడితో పోయింది. అధ్యక్షుడు గొంతు సవరించుకుని ఒక చిన్న వాక్యం చెప్పి, కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు, అంకుల్ తప్ప.

"ఏమన్నాడంకుల్?"

 అంకుల్ కళ్ళు తుడుచుకున్నారు, శుక్లాలున్న కళ్ళకు నీళ్ళు ఎక్కువ వస్తాయనుకున్నాను.

"ఈ రాత్రి నిబంధన ప్రకారం హాజరైన సభ్యుడు ఒక్కడే కనబడుతున్నాడు, కాబట్టి ఓటు వేసే అర్హత అతనికే ఉంది అన్నాడు."

"మరి మీరు వేశారా?"

"వేస్తున్నాను. ఐ యామ్ గ్రాండ్," (ఇక్కడివాళ్ళు 'నాకు బాగానే ఉంది' అనడానికి అలాగే అంటారు) అని వాళ్ళ వైపు గ్లాసు ఎత్తారు. మెట్ల మీదినుంచి తమ్ముడు, "అన్నా, ఇగ ఫోను ఆన్ చేసుకోవచ్చునా?" అని అడిగాడు.

వాళ్ళు ఎందుకు లేచారని తర్వాత అడిగాను. "చిన్నప్పుడు మా అమ్మలు మమ్మల్ని లేపేవారు, ఇలాగే చేతులెత్తిన మనిషి ఎదుట. మాకు గుర్తులేదు గాని కాళ్ళకు ఉన్నట్టుంది," అన్నారాయన.

ఇప్పుడు నేను ఐర్లండ్‌లోనే మరో ఊరు, బాలింకాలిగ్‌లో ఉంటున్నాను. ఫ్యాక్టరీలో నా కింద పదిమంది పనిచేస్తారు, ఏ మాట ఎక్కడ అనాలో తెలిసినవాణ్ణని పేరు. క్యాంటీనులో భోజనానికి ముందు కళ్ళు మూసుకోవాలంటే, ఎవరైనా చూస్తున్నారేమోనని ముందు చుట్టూ చూసుకుంటాను. కొన్నాళ్ళు కళ్ళు తెరిచే ప్రార్థన చేసుకున్నాను, ఫోను చూస్తున్నట్టు నటిస్తూ. అమ్మ కుట్టించిన సూటులో నిలబడి, భాష రాని పెద్దమనుషులను ఒక్క మాటతో లేపిన ఆ కుర్రవాడు ఎదురుపడితే నన్ను చూసి ఏమంటాడో తెలియదు. లేచి నిలబడమనే అంటాడనుకుంటాను. లేస్తాననే అనుకుంటున్నాను.