హెల్గా మేడమ్ కొట్టేసిన సిద్ధాంతం

మస్కట్‌లోని రూవి బజారులో ఏ కొట్టు ముందైనా ఏలకులు వేసిన అరబ్బుల కాఫీ, కహ్వా వాసన తగిలితే చాలు, నాకు హెల్గా మేడమ్ గుర్తొస్తారు. జర్మనీలో గణితం బోధించి, రిటైరయ్యాక మస్కట్ విశ్వవిద్యాలయానికి వచ్చారావిడ. నా పీహెచ్‌డీ గైడు. ఎవరి ప్రూఫ్ దిద్దాలన్నా ముందు కహ్వా పోసి, చేతిలో ఖర్జూరం పెట్టి, ఆ తర్వాతే ఎర్ర పెన్ను తీసేవారు. ఆ ఖర్జూరం తిన్నవాళ్ళెవరూ నవ్వుతూ బయటికి రాలేదు.

వయసులో ఉన్నప్పుడు ఆవిడకు డాక్టరేట్ తెచ్చిపెట్టిన సిద్ధాంతం మీదే నా థీసిస్ అంతా నిలబడింది. సమర్పించే ముందు దాన్ని మళ్ళీ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. నిరూపణలో ఆవిడ ఒక సందర్భాన్ని వదిలేశారు. సరిగ్గా అక్కడే సిద్ధాంతం తప్పుతోంది. విని మా ఆయన తల పట్టుకున్నారు.

"నీకెందుకే ఈ గొడవ? ఇన్నేళ్ళూ ఎవరూ చూళ్ళేదుగా! ఆవిడకి కోపమొచ్చిందంటే నీ పట్టా గోవిందా!"

నాకూ అదే భయం. అయినా మర్నాడు కాగితం ఆవిడ ముందు పెట్టాను. ఆ రోజు కహ్వా నేనే పోశాను. అది చల్లారిపోయేదాకా ఆవిడ తలెత్తలేదు.

"ఇది చూశాక నీకు నిద్రపట్టిందా, సుజాతా?"

"లేదు మేడమ్."

"నాకు మాత్రం ఇన్నేళ్ళూ హాయిగా పట్టింది," అని నవ్వారు. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి.

ఆ వారమే సెమినార్‌లో అందరి ముందూ తన సిద్ధాంతాన్ని బోర్డు మీద రాసి, అడ్డంగా గీత కొట్టేశారు. "ఇది తప్పు. పట్టుకున్నది సుజాత," అన్నారు. తనకు పట్టా ఇచ్చిన జర్మన్ విశ్వవిద్యాలయానికీ తనే రాసి తెలియజేశారు, వెనక్కి తీసుకున్నా సరేనంటూ. తెలియక జరిగిన పొరపాటుకు పట్టా పోదని వాళ్ళు చెప్పారు. కానీ ఆ సంగతి ముందే తెలిసి కాదు ఆవిడ రాసింది. తన పేరును అలా పణంగా పెట్టిన మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు.

థీసిస్ సరిచేసుకోవడానికి నాకు మరో ఏడాది పట్టింది. జర్మనీలో డాక్టరేట్ వచ్చినవాళ్ళకు తోటివాళ్ళు అట్టతో టోపీ చేసి, పరిశోధన గుర్తులు అంటించి, తలమీద పెడతారట. నా వైవా రోజున ఆ టోపీ మేడమే వంకరటింకరగా చేసుకొచ్చారు. దానిమీద తన థీసిస్‌లోంచి చించిన, ఆ తప్పున్న పేజీ ఉంది.

"మేడమ్! జిరాక్స్ పెట్టకూడదా?" అని అదిరిపడ్డాను.

"జిరాక్స్‌తో సత్కరిస్తారా ఎవరైనా?" అని కసిరారు.

ఇప్పుడు ఇదే మస్కట్‌లో, అజైబాలో నేను పాఠం చెప్పే క్లాసులో ఏ అమ్మాయైనా లేచి, "మేడమ్, ఆ లైను తప్పు" అంటే ముందు నా మొహం ఎర్రబడుతుంది. గర్వం ఎక్కడికి పోతుంది! కాసేపటికి మార్కర్ ఆ అమ్మాయి చేతికిచ్చి, నేను పక్కకు జరుగుతాను.